ఉపన్యాస మిచ్చుట, పుచ్చుకొనుట



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఉదయమునుండి ఈ పందిటిలో ఉపన్యాసములు వరుసగా సాగుచున్నవి. ఇన్ని ఉపన్యాసముల నడుమ, ఉపన్యాసమను మాట ప్రక్కన నిలుచు క్రియాపదమునుగూర్చి కొంత విచారించుట అప్రస్తుతము కాదు. విషయము చిన్నది. అది ఒక ఇంగ్లీషు పలుకుబడి. కాని ఆ చిన్న పలుకుబడియే ఒక విద్యార్థి నోటిని ఏడాదిపాటు కట్టివేసినది. అందుచేత దానిని చిన్నదని త్రోసివేయుటకు వీలులేదు.

ఒక పల్లెటూరి పిల్లవాడు ఉన్నతపాఠశాల చదువు ముగించి పట్టణమున కళాశాలలో చేరెను. అచ్చట జరిగిన వార్షికోత్సవమును వర్ణించుచు ఇంగ్లీషున నాలుగు వాక్యములు వ్రాయుమనగా, అధ్యక్షుడు ఉపన్యాసము చెప్పెననుటకు అతడు 'ది ప్రెసిడెంట్ టోల్డ్ ఎ స్పీచ్' అని వ్రాసెను. ఉపాధ్యాయుడు ఆ వాక్యమును తరగతిలో పైకి చదివెను. పిల్లలందరు గొల్లున నవ్విరి. నాటినుండి ఆ వాక్యమే అతనికి మారుపేరయ్యెను. ఊరిలో నున్నప్పుడు శ్రీరామనవమి పందిటిలో జంకు లేక పద్యములు చదివినవాడు, ఆ ఏడంతయు తరగతిలో లేచి నిలిచి ఒక్క ప్రశ్నయైన వేయలేదు. తప్పు సరియైనది, నోరు మాత్రము మూతపడినది. ఇది లాభమో నష్టమో లెక్క చూడవలసియున్నది.

మొదట ఆ తప్పు ఎచ్చటినుండి వచ్చినదో చూతము. అది అజ్ఞానమువలన వచ్చినది కాదు; తెలుగు చక్కగా వచ్చుటవలన వచ్చినది. తెలుగున 'చెప్పు' అను ధాతువు మిక్కిలి ఉదారమైనది. కథ చెప్పుదురు, పురాణము చెప్పుదురు, హరికథ చెప్పుదురు, పాఠము చెప్పుదురు, తీర్పు చెప్పుదురు, జోస్యము చెప్పుదురు, సోది చెప్పుదురు, సాక్ష్యము చెప్పుదురు, తుదకు లెక్కయు చెప్పుదురు. ఇన్నిటిని చెప్పువాడు ఉపన్యాసమును మాత్రము ఏల చెప్పరాదు? ఆ పిల్లవాడు తన భాషయొక్క న్యాయమును పరభాషయందు నడపినాడు. అచ్చటి న్యాయము వేరు. అంతే దోషము.

ఇంగ్లీషువారు 'టెల్' అను క్రియను కథకు, నిజమునకు, అబద్ధమునకు, హాస్యోక్తికి జతచేయుదురు. 'సే' అను క్రియను ప్రార్థనకు, నాలుగు మాటలకు జతచేయుదురు. సభలో లేచి 'నాలుగు మాటలు చెప్పెదను' అనునప్పుడు 'సే ఎ ఫ్యూ వర్డ్స్' అనుట వారికిని సమ్మతమే. కాని ఆ నాలుగు మాటలు పెరిగి ఉపన్యాసమైనంతనే క్రియ మారిపోవును. అప్పుడు 'మేక్ ఎ స్పీచ్' అనవలెను, లేదా 'గివ్ ఎ స్పీచ్' అనవలెను, లేదా 'డెలివర్ ఎ స్పీచ్' అనవలెను. చేయుట, ఇచ్చుట, అందించుట. ఈ మూడే గాని చెప్పుట లేదు.

ఇట్లు మాటలు కొన్ని కొన్నిటితోనే పొత్తు కలియుట ప్రతిభాషయందును గలదు. తెలుగున దణ్ణము పెట్టుదురు, స్నానము చేయుదురు, కేక వేయుదురు, ఈల వేయుదురు, దెబ్బ తిందురు, సెలవు పుచ్చుకొందురు. దెబ్బను తినుటేమి, అది భక్ష్యమా అని అడుగువాడు లేడు. ఒక దొర తెలుగు నేర్చి 'స్నానము తీసికొంటిని' అనినయెడల ఊరివారు ముసిముసిగా నవ్వి, 'దొరగారికి తెలుగు వచ్చినది' అని సంతోషించి, సరియైన మాట చెప్పి పంపుదురు. దొర తప్పు ముద్దగుట, పల్లెటూరి పిల్లవాని తప్పు మారుపేరగుట ఎట్టి ధర్మమో పెద్దలు విచారింతురుగాక.

పండితులు ఇట్టి తప్పులను నవ్వులాటగా చూడలేదు. హెరాల్డ్ పామర్ అను ఇంగ్లీషు విద్వాంసుడు జపానుదేశమున టోకియోలో ఇంగ్లీషు బోధనను సంస్కరింపబూని, అచ్చటి విద్యార్థులకొరకు ఇట్టి మాటల జతలను సేకరించి 1933లో ఒక పెద్ద నివేదికను ప్రకటించెను. ఆయన వెనుక హార్న్‌బీ అను మరియొక ఉపాధ్యాయుడు పరదేశ విద్యార్థులకొరకై ఒక నిఘంటువును కూర్చగా, అది 1942లో టోకియోలోనే మొదట అచ్చుపడినది. 1948లో దానిని ఆక్స్‌ఫర్డు ముద్రణాలయమువారు స్వీకరించిరి. నేటికిని లోకమందంతట విద్యార్థులు వాడుచున్న ఆక్స్‌ఫర్డు విద్యార్థి నిఘంటువునకు మూలమదియే. మాటల పొత్తును భాషాశాస్త్రమున ఒక సిద్ధాంతముగా నిలిపిన ఫర్త్ పండితుడు లాహోరున ఆచార్యుడుగా నుండినవాడు. తెలుగును గుజరాతీని గూడ పరిశీలించినవాడు. మనిషిని అతని స్నేహితులనుబట్టి తెలిసికొనునట్లు మాటను దాని సహవాసమునుబట్టి తెలిసికొనవలెనని ఆయన మతము. కావున తరగతిలో నవ్వులపాలైన తప్పు నిజమునకు గొప్ప నిఘంటువుల పుట్టుకకు కారణమైన తప్పుల కోవలోనిది.

ఇక ఆ మూడు క్రియల తారతమ్యము చూతము. 'మేక్' అనుదానియందు చేయువాని యత్నము తోచును. విందులో లేచి ఎవడైన మాటలాడినను అది చెల్లును. 'గివ్' అనునది అన్నిటికిని పనికివచ్చు వాడుకమాట. 'డెలివర్' అనునది కొంత గంభీరమైనది. పత్రికలవారును, సభల నివేదికలు వ్రాయువారును దానిని మెచ్చుదురు. నామవాచకము మారినచో జతయు మారును. 'టాక్' అను ఇష్టాగోష్ఠికి 'గివ్' కుదురును, 'మేక్' కుదరదు. 'లెక్చరు'నకు 'గివ్', 'డెలివర్' రెండును కుదురును, 'మేక్' కుదరదు. 'అడ్రెస్' అను మాట క్రియయైనప్పుడు సభను నేరుగా పట్టుకొనును. 'అడ్రెస్డ్ ది మీటింగ్' అనవలెను గాని, నడుమ 'టు' చేర్చరాదు. తెలుగువారు 'సభకు' అను చతుర్థిని మనస్సునందుంచుకొని 'టు' చేర్చుట తరచు. విద్యార్థులు గుర్తింపవలసిన రెండవ తప్పు ఇది.

వ్యాకరణము ఇంతటితో ముగియును. కాని మాటల వేళ్లను త్రవ్వి చూచినచో దానికంటె లోతైన ధర్మము బయటపడుచున్నది.

'డెలివర్' అను మాట లాటినుభాషలో విడుదల చేయుట అను అర్థముగల ధాతువునుండి ఫ్రెంచిభాష మీదుగా వచ్చినది. చెరనుండి విడిపించుట, తల్లి బిడ్డను కనుట, తపాలా బంట్రోతు ఉత్తరము నందించుట, వక్త ఉపన్యాసము చేయుట, ఈ నాల్గింటికి నొక్కటే మాట. లోపల నున్నదానిని విడిచి ఇంకొకరి చేతిలో పెట్టుట దాని ఆత్మ. ఉత్తరము సంచిలో నున్నంతకాలము తపాలావాడు ఎంత దూరము నడచినను అది అందినట్లు కాదు. అట్లే మాట శ్రోత చెవిని చేరనంతవరకు ఎన్ని గంటలు పలికినను ఉపన్యాస మిచ్చినట్లు కాదు.

'ఆడియన్స్' అను మాటకు మూలము వినుట అను అర్థముగల లాటిను ధాతువు. రాజు ప్రజలకు దర్శనమిచ్చి వారి మొర వినుటకును ఇంగ్లీషున ఆ మాటయే. అనగా వక్త ఉపన్యాస మిచ్చును, శ్రోత ఆలకింపు నిచ్చును, ఇద్దరును దాతలే. లెక్కల తనిఖీకి వాడు 'ఆడిట్' అను మాటయు ఆ ధాతువునకు పుట్టినదే. పూర్వము ఆ దేశమున అధికారి యెదుట లెక్కలను పైకి చదువగా ఆయన చెవులతో విని సరిచూచెడివాడు. కావున సభలో కూర్చున్నవారు కేవలము కూర్చున్నవారు కారు. వక్త లెక్కను తనిఖీ చేయువారు. వక్త చెప్పినదానిలో జమ ఎంత, దుబారా ఎంత అని వారు చూచుచుందురు.

ఇంకొక వింత గలదు. పిల్లవాడు తప్పుగా వాడిన 'టెల్' అను క్రియకు పూర్వార్థము లెక్కించుట. బ్యాంకులో రూపాయలు లెక్కపెట్టువానిని 'టెల్లర్' అనుట ఆ అర్థము మిగిలియున్నందుననే. తెలుగున లెక్క చెప్పుట యున్నట్లే ఇంగ్లీషున చెప్పుట లెక్కయందుండి పుట్టినది. రెండు భాషలును ఎక్కడో ఒక చావడిలో కూర్చుండి ఒకే కవిలెను చూచినట్లున్నది!

'లెక్చర్' అను మాటకు చదువుట అని అర్థము. అచ్చుపుస్తకములు లేని కాలమున గురువు వ్రాతప్రతిని చదువుచుండగా శిష్యులు వినుచుండెడివారు. ఊరి దేవాలయ మంటపమున ఒకరు పురాణము చదువ మరియొకరు అర్థము చెప్పుట ఇట్టిదే. పుస్తకమునకును ఉపన్యాసమునకును గల బాంధవ్యము ఇందుచే తెలియుచున్నది. గ్రంథాలయములో సభ జరుగుట యాదృచ్ఛికము కాదు. అది పుట్టింటికి వచ్చుట.

మరి తెలుగుమాట సంగతి యేమి? 'ఉపన్యాస మిచ్చెను' అనుట ఇంగ్లీషు అనుకరణమనియు, 'ఉపన్యసించెను' అనుటయే లక్షణమనియు కొందరు పెద్దలు వాదింతురు. వాదమున సారము లేకపోలేదు. కాని తెలుగున మాట ఇత్తురు, అభయ మిత్తురు, ఆశీర్వాద మిత్తురు. పలుకును ఇచ్చుట తెలుగువానికి క్రొత్త కాదు. సంస్కృతమున ఉపన్యాసమనగా దగ్గరగా ఉంచుట అని వ్యుత్పత్తి. న్యాసమునకు నిక్షేపమను అర్థమును గలదు. ఒకరి సొత్తును ఇంకొకరియొద్ద నమ్మి దాచుట. హిందీ వంగభాషలయందు ఈ మాటకే నవల యను అర్థము వచ్చినది. తెలుగున మాత్రము సభలో పలుకు పలుకు అను అర్థము నిలిచినది. వక్త తన యెరుకను శ్రోతలయొద్ద నిక్షేపముగా ఉంచుచున్నాడని భావించినచో ఆ మాటకంటె చక్కని మాట దొరకదు.

ఇంతకును 'డెలివర్' అను మాటకు సరియైన తెలుగుమాట బడిపిల్లలందరి నాలుకమీదనే యున్నది. అది 'అప్పచెప్పుట'. పాఠము అప్పచెప్పుమని గురువు అడుగును. సొమ్మును అప్పచెప్పుదురు, బాధ్యతను అప్పచెప్పుదురు. పలుకుటయు, చేతికి అందించుటయు రెండును ఆ యొక్కమాటలో నున్నవి. దాని కడుపులో ఆ పిల్లవాని 'చెప్పుట'యు నున్నది. అతడు తప్పినది సగము దూరమే.

ఇచ్చిన ఉపన్యాసము నిజముగా పుచ్చుకొనబడినచో ఏమగునో తెలుగుదేశము 1907లో చూచినది. ఆ ఏట బిపిన్ చంద్రపాలుగారు రాజమహేంద్రవరము వచ్చి ఇంగ్లీషున ఉపన్యాసములిచ్చిరి. సభకు వచ్చినవారిలో ఎందరికి ఆ భాష తెలియును? చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు ప్రక్కన నిలిచి ఆ ఉపన్యాసములను తెలుగున ప్రజల చెవులకు అందించిరి. అప్పుడు వారు చెప్పిన పద్యము నేటికిని తెలుగువారి నోళ్ల నానుచున్నది. వంగదేశమునుండి వచ్చిన ఉత్తరము ఇంగ్లీషు సంచిలో వచ్చి తెలుగు గడపలలో అందెను. అచ్చట ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వందేమాతర చిహ్నమును ధరించి కళాశాలనుండి బహిష్కృతులైరి. 1908లో పత్రికాప్రకటనకై కారాగారవాసమును పొందిరి. అదియే పుచ్చుకొనుట యనగా. ఆలకించినవాడు లేచి నిలిచెను.

ఆ కథ అంతటితో ముగియలేదు. 1914లో బెజవాడలో మొట్టమొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ కూడినప్పుడు అధ్యక్షపీఠము నలంకరించినవారు ఆ చిలకమర్తివారే. దానిని సమకూర్చిన ముఖ్యులలో అయ్యంకి వెంకటరమణయ్యగారుండిరి. హరిసర్వోత్తమరావుగారు తమ తరువాతి జీవితమును గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును ధారవోసిరి. పరభాషా ప్రసంగమును తెలుగుచేసి అందించినవారును, దానిని విని కష్టముల నోర్చినవారును చివరకు పల్లెలకు పుస్తకము లందించుపనికి పూనుకొనుట గమనింపదగినది. ఊరూర వెలసిన గ్రంథాలయములు ఆ నిక్షేపమునకు వచ్చిన వడ్డీ.

ఇక నోరు మూతపడిన పిల్లవాని మాట. సభలో మాటరాని వారి చరిత్రలో మహాత్మాగాంధిగారి పేరును గలదు. లండనున శాకాహార సంఘమున వారికి లేచి మాటలాడ ధైర్యము చాలలేదు. వ్రాసికొనిపోయినదానిని ఇంకొకరు చదువవలసివచ్చెను. బొంబాయిలో మొదటి వ్యాజ్యెమున సాక్షిని ఒక్క ప్రశ్నయు వేయలేక కూర్చుండి, పుచ్చుకొన్న రుసుమును తిరిగి యిచ్చివేసిరి. అట్టివారు 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో భారతీయ వర్తకులను సమావేశపరచి, వ్యాపారమున సత్యమును గూర్చి తమ జీవితమున మొదటి బహిరంగోపన్యాస మిచ్చిరి. ఆ సభలోనే, కావలసినవారికి తాము ఇంగ్లీషు నేర్పెదమనియు చెప్పిరి. ముందుకు వచ్చినవారు ముగ్గురు: ఒక మంగలి, ఒక గుమాస్తా, ఒక చిన్న అంగడివాడు. వారికి కావలసినది తమ పనికి చాలినంత భాష. గాంధిగారు వారి వీలునుబట్టి వారియొద్దకే పోయి నేర్పిరి. పరభాషను నేర్పుటకు వారెంచుకొన్న మార్గము అది. నవ్వుట ఆ మార్గమున లేదు.

శ్రోత ఎట్లుండవలెనో కిష్కింధాకాండమున శ్రీరాముడు చూపినాడు. భిక్షురూపమున వచ్చిన హనుమంతుడు మాటలాడగా శ్రీరాముడు శ్రద్ధగా విని, ఇతడు చాల పలికినను అపశబ్దము ఒక్కటియు లేదనియు, పలుకు మరీ నెమ్మదిగాని మరీ తొందరగాని కాదనియు లక్ష్మణునితో మెచ్చి పలికెను. అంతటి సూక్ష్మదృష్టి గలవానికి అపశబ్దము దొరికియుండినను ఎగతాళి చేసియుండునని ఎవరు తలంతురు? ఉద్యోగపర్వమునో, శ్రీకృష్ణుడు కౌరవసభలో పలికిన పలుకులయందు ఏ లోపమును లేదు. అయినను దుర్యోధనుడు పుచ్చుకొనలేదు. అందువలన వచ్చిన నష్టము లోకవిదితమే. వక్త తప్పు ఒక వాక్యముతో పోవును. శ్రోత తప్పు ఒక వంశముతో పోయినది.

కావున ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమువారికి మూడు విన్నపములు.

మొదటిది: నెలకొక సాయంకాలము విద్యార్థులకు వేదిక నొసంగవలెను. తెలుగునగాని ఇంగ్లీషునగాని, ఐదు నిమిషములైనను చాలును. పలుకుచున్నంతసేపు ఎవరును నవ్వరాదు. తప్పులున్నచో పెద్దలు చీటిపై వ్రాసి, సభ ముగిసిన పిదప అతని చేతికే ఈయవలెను.

రెండవది: బీరువాలో నిఘంటువును తాళమువేసి యుంచక బల్లమీద నుంచవలెను. విద్యార్థి ఒక నామవాచకమును చూచినప్పుడు దాని అర్థముతో తృప్తిపడక, ఆ మాట ఏ క్రియతో కాపురము చేయుచున్నదో ఉదాహరణ వాక్యమునుండి గ్రహించి ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనవలెను. దినమునకు రెండు జతలైనను ఏడాదికి ఏడువందల ముప్పది యగును. ఏ బడిలోను రుసుము కట్టనవసరములేని చదువు అది.

మూడవది: సభకు వచ్చిన ప్రతివారును ఇంటికి పోవునప్పుడు తాము పుచ్చుకొన్నదేమో ఒక్క మాటలో తమ ఇంటివారికి చెప్పవలెను. అచ్చట 'చెప్పుట' యనుటయే సరియైన మాట. ఇంగ్లీషునందును 'టెల్' అనుటయే ఒప్పు.

మొదట చెప్పిన ఆ విద్యార్థి వంటివారు ఈ పందిటి చివర, స్తంభముల చాటున, నేడును కొందరు నిలిచియుందురు. ఇంగ్లీషువారు సభలో ఉపన్యాసమును చెప్పరు, ఇత్తురు. అది నేర్చుకొనవలసినదే, నేర్చుకొనుటకు ఒక్క నిమిషము చాలును. కాని ఇచ్చుటకు లోపల ఏదైన ఉండవలెను, లేచి నిలుచుటకు ధైర్యము ఉండవలెను, ఎదుట పుచ్చుకొనువారు ఉండవలెను. లోపలికి కావలసినది ఈ బీరువాలలో ఇరువదియైదేండ్లుగా కూడుచున్నది. ధైర్యము వారిది. పుచ్చుకొనుట సభవారి వంతు.

స్వస్తి.